గదిలో ఎవరో

గోపాల్‌పూర్ రోడ్డు మీద మా లాబ్.
లోపల ఒక ఇనప గది,
గోడల నిండా నల్లటి నురుగు ముళ్లు.
తలుపు మూస్తే సెల్‌ఫోను
బరంపురాన్నే మరిచిపోతుంది.

ఆ రోజు సెలైన్ పంపుకి పరీక్ష.
పంపు ఇంకా ఆన్ చెయ్యలేదు.
తెర మీద, నలభై మెగాహెర్ట్జ్ దగ్గర,
దువ్వెన పళ్లలా గీతలు.
కేబులు మార్చాను. యాంటెన్నా తిప్పాను.
పంపుని వరండాలో పెట్టి వచ్చాను.
అయినా ఆ పళ్లు ఇకిలిస్తూనే ఉన్నాయి.
ఖాళీ గదిలో ఎవరో మాట్లాడుతున్నారు.

సంపతిరావు నీలాచలం గుమ్మంలో నిలబడి
"దీపం ఆర్పి సూడమ్మా" అన్నాడు.
ఆర్పాను.
గీత చాపలా పరుచుకుంది.

కొత్త ఎల్‌ఈడీలు. పోయిన నెలే బిగించాం.
కరెంటు ఆదా అని సంతకం పెట్టింది నేనే.
లోపలి డ్రైవరు సెకనుకి లక్షసార్లు
తీసి మూస్తోందని కంటికెలా తెలుస్తుంది?

పాత ఫిలమెంటు బల్బు నోరెత్తదు.
కానీ అదో పొయ్యి.
నురుగు పక్కన పొయ్యి పెట్టి నేను నిద్రపోగలనా?
దీపాన్ని బయటే ఉంచి
గాజు పోగుల్లోంచి వెలుతురు లాక్కొచ్చే పద్ధతీ ఉంది.
ధర విని మహంతి గారు
కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

సరే, బడా బజారు. బిసోయి కొట్టు.
నీలాచలం జేబులోంచి రేడియో తీశాడు.
ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలిపి
వెలిగించిన ఒక్కో దీపం దగ్గరా
వైద్యుడు నాడి పట్టినట్టు పట్టాడు.
మొదటిది గర్రుమంది. రెండోది జుయ్యిమంది.
మూడోది తేనెపట్టు.
పెట్టె మీద బంగారు అక్షరాలున్నది
అన్నిటికన్నా వాగుడుకాయ.
బిసోయి బాబు ఒడియాలో నవ్వాడు,
ఆలుఅ కావాలా, పాట కావాలా అని.
"ఆలుఅయే బాబూ, మూగది."

దారిలో చెప్పాడు:
పట్టు మగ్గాల షెడ్లకి పదేళ్లు వైరింగు చేశాడట.
"కుంకం రంగుకీ వంగపండు రంగుకీ
తేడా సూపని దీపం కింద
మాయమ్మ పడుగు ముట్టీది కాదు.
ఎలుగిచ్చీదంతా దీపం కాదమ్మా."

రేడియోకి వినపడనివీ ఉంటాయి కదా, అన్నాను.
"ఉంటాయి. మరి నీ గదెందుకు?"

చివరికి కొన్నవి డ్రైవరు లేని పట్టీలు.
బ్యాటరీలు గది బయట, గోడలో ఫిల్టరు.
తీగల్ని జడలా మెలిపెట్టి లోపలికి పంపాడు.
మధ్యలో రెసిస్టర్లు,
వెచ్చబడడం తప్ప ఏ పనీ చెయ్యని సోమరులు.
సగం కరెంటు వాటికే పోతుంది.
ఆ మాట కూడా రిపోర్టులో రాసి
ఈసారి సంతకం పెట్టడానికి కాస్త ఆలోచించాను.

పరిమితికి ఆరు డెసిబెల్స్ కింద ఉంటే చాలు.
పద్నాలుగు కింద ఉంది.
దీపం వేసినా అంతే, ఆర్పినా అంతే.
ఊపిరి వదలబోతూ చూశాను:
తొంభై దాటాక ఒక సన్న ముల్లు.
తలుపు అంచున రాగి వేళ్లలో ఒకటి వంగింది.
ఆ సందులోంచి ఎఫ్ఎం.
భజనో, సబ్బు ప్రకటనో మాకు వినపడదు,
దాని ఎత్తు మాత్రం కనపడుతుంది.
రేపు తలుపు సంగతి.

విప్పేసిన ఎల్‌ఈడీలు మూలన పడేస్తుంటే
నీలాచలం ఒకటి తీసి తువ్వాల్లో చుట్టాడు,
వాళ్ల చెల్లి మగ్గం మీదికి.
అదొట్టి వాగుడుకాయ కదా, అన్నాను.
"మగ్గం ముందు దీని వాగుడేటి?
రంగు మాత్రం నిజమే సెప్తంది."
సైకిలు హ్యాండిలుకి మూట తగిలించుకుని
చినుకుల్లోనే వెళ్లిపోయాడు.